‘ఓన్లీ’ అన్నచోటల్లా ‘మాత్రమే’ కాదు

సంపాదకులకు నమస్కారం.

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చే వార్తల్లో ఒక మాట దగ్గర నాకు తరచుగా అడుగు తడబడుతోంది. ‘ఆ చట్టం గత నెలలో మాత్రమే అమల్లోకి వచ్చింది’ అన్న తరహా వాక్యాలు ఈ మధ్య పత్రికల్లో మామూలైపోయాయి. ఇంగ్లీషు తెలియని పాఠకుడు ఈ వాక్యం చదివితే, ఆ చట్టం గత నెలలో ఉండి ఈ నెలకు రద్దయిందేమోనని అనుకుంటాడు. ఇంగ్లీషు కూడా వచ్చినవాడు ఒక్క క్షణం ఆగి, మూలంలో ‘ఓన్లీ లాస్ట్ మంత్’ అని ఉండి ఉంటుందని ఊహించుకుని, అమల్లోకి వచ్చి నెల రోజులే అయిందన్న అర్థాన్ని తానే కూర్చుకుంటాడు. తెలుగు వాక్యం అర్థం కావడానికి మనసులో ఇంగ్లీషు వాక్యాన్ని తయారుచేసుకోవలసి వస్తే అది అనువాదం ఎలా అవుతుంది? చాలా ఏళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పినవాణ్ని కనుక ఈ ‘ఓన్లీ’ గురించి నాకు తెలిసిన నాలుగు ముక్కలు మీ అనువాద విభాగం ముందు పెట్టాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ మాటకు నేను స్వయంగా ఒకసారి బలయ్యాను కూడా. మోకాలి నొప్పితో ఒక ఆదివారం పొద్దున్నే ఒక ఆసుపత్రికి వెళ్తే, గుమ్మం పక్కన ‘డాక్టరు గారు ఆదివారాల్లో పిల్లలను మాత్రమే చూస్తారు’ అని తెలుగులో బోర్డు కనిపించింది. ఇంకేం చేస్తాను, కుంటుకుంటూ వెనక్కి వచ్చేశాను. బుధవారం మళ్లీ వెళ్లేసరికి ఒక తల్లి జ్వరంతో ఉన్న పిల్లవాణ్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. పిల్లల్ని ఈరోజు చూడరని అక్కడి ఉద్యోగి ఆమెకు చెబుతుంటే ఆమె బోర్డు వైపు చూపిస్తోంది. అప్పుడు ఆ బోర్డు దగ్గరకు వెళ్లి తెలుగు కింద చిన్న అక్షరాల్లో ఉన్న ఇంగ్లీషు చదివాను. ‘డాక్టర్ ఓన్లీ సీస్ చిల్డ్రన్ ఆన్ సండేస్’ అని ఉంది. రాసినవారి ఉద్దేశం పిల్లలకు ఆదివారాలు మాత్రమే కేటాయించామని. పెద్దవాళ్లు ఆదివారంతో సహా ఎప్పుడైనా రావచ్చు. అనువదించినవారు ‘మాత్రమే’ను ఆదివారం పక్క నుంచి తీసుకెళ్లి పిల్లల పక్కన కూర్చోబెట్టారు. ఆ ఒక్క మాట చోటు మారినందుకు రావలసిన నేను రాలేకపోయాను, రాకూడని రోజున ఆ తల్లి వచ్చింది.

అయితే అనువాదకుణ్ని ఒక్కణ్నే తప్పుపట్టడం న్యాయం కాదు. ఆ ఇంగ్లీషు వాక్యానికి ఆ అర్థమూ ఉంది, ఈ అర్థమూ ఉంది. ఇంగ్లీషులో ‘ఓన్లీ’ అనే క్రియా విశేషణానికి క్రియ ముందు కూర్చోవడం అలవాటు. అక్కడ కూర్చుని అది వాక్యంలోని ఏ మాటకు హద్దు గీస్తోందన్నది మాట్లాడేటప్పుడు గొంతు చెబుతుంది. ‘చిల్డ్రన్’ అన్న మాటను ఒత్తి పలికితే పిల్లలను మాత్రమే అని, ‘సండేస్’ను ఒత్తి పలికితే ఆదివారాల్లో మాత్రమే అని, ‘సీస్’ను ఒత్తి పలికితే చూడటం వరకే, మందు ఇవ్వడం లేదని. అచ్చులోకి వచ్చేసరికి ఆ ఒత్తు పోతుంది, మూడు అర్థాలూ ఒకే వాక్యంలో కలిసిపోతాయి.

ఈ తగవు ఇంగ్లీషువాళ్లకూ కొత్తది కాదు. 18వ శతాబ్దంలోనే రాబర్ట్ లౌత్ అనే బిషప్ తన వ్యాకరణంలో, మూడు మాటలే మాట్లాడాను అని చెప్పదలచినవాడు ‘ఓన్లీ’ని ‘మాట్లాడాను’ ముందు కాక ‘మూడు మాటలు’ ముందు పెట్టాలని పట్టుబట్టాడు. ఆ తర్వాత బడిపంతుళ్లందరూ ఈ సూత్రాన్నే పట్టుకున్నారు. 1926లో ఇంగ్లీషు వాడుక మీద నిఘంటువు ప్రచురించిన ఫౌలర్ మాత్రం వారితో ఏకీభవించలేదు. ఒకాయన చనిపోయి వారమే అయిందనడానికి ‘ఓన్లీ డైడ్ ఎ వీక్ ఎగో’ అని ఎవరో రాస్తే, చావడం కన్నా పెద్ద పని ఇంకేం చేయగలడని విమర్శకుడొకడు ఎగతాళి చేశాడట. అర్థం ఎవరికీ తప్పిపోనప్పుడు ‘ఓన్లీ’ తన సహజమైన చోటనే ఉండవచ్చని ఫౌలర్ అతనికి జవాబిచ్చాడు. నా ఓటు కూడా ఫౌలర్‌కే. కాకపోతే ఆసుపత్రి బోర్డులు, మందు సీసాల మీద సూచనలు, ఒప్పంద పత్రాలు, చట్టాలు రాసేవారికి మాత్రం లౌత్ మాటే శిరోధార్యం.

మన భాష దగ్గరకు వస్తే, ఈ చిక్కు నుంచి మనల్ని కాపాడే సాధనం తెలుగులో పుట్టుకతోనే ఉంది. అది మాట చివర చేరే ‘ఏ’. మన వ్యాకరణాలు దీన్ని అవధారణార్థకమని, అంటే ఒక మాటను నొక్కి చెప్పేదని అంటాయి. గొంతుతో ఇంగ్లీషువాడు చేసే పనిని మనం ఒక్క అచ్చుతో చేస్తాం, అది కాగితం మీద కూడా చెరగకుండా నిలుస్తుంది. డాక్టరు గారే ఆదివారం పిల్లలను చూస్తారు. డాక్టరు గారు ఆదివారమే పిల్లలను చూస్తారు. డాక్టరు గారు ఆదివారం పిల్లలనే చూస్తారు. డాక్టరు గారు ఆదివారం పిల్లలను చూడటమే. నాలుగు వాక్యాలకూ నాలుగు అర్థాలు, ఎక్కడా సందేహానికి తావు లేదు. ఇంతటి సౌకర్యాన్ని చేతిలో పెట్టుకుని, ఇంగ్లీషు వాక్యంలోని సందిగ్ధతను కూడా దిగుమతి చేసుకుంటున్నాం. ముఖ్యంగా ‘కేవలం’ అన్న మాటతో ఈ పని జరుగుతోంది. ‘కేవలం’ తాను హద్దు గీసే మాటకు ముందు వస్తుంది కాబట్టి, దానికీ ఆ మాటకూ మధ్య దూరం పెరిగిన కొద్దీ అది ‘ఓన్లీ’ లాగే దారి తప్పుతుంది. ‘కేవలం ఆదివారం పిల్లలను చూసే డాక్టరు’ అంటే ఆదివారానికి హద్దా, పిల్లలకా? ఈ దోషాన్ని కప్పిపుచ్చడానికి కొందరు ‘కేవలం ఇద్దరే’ అనీ, అదీ చాలక ‘కేవలం ఇద్దరు మాత్రమే’ అనీ రాస్తారు. ‘ఇద్దరే’ అంటే సరిపోయేచోట ఒకే తలుపుకు రెండు తాళాలు ఎందుకో నాకు అర్థం కాదు.

ఈ సందర్భంలో రెండు మాటల పుట్టుక గురించి చెప్పాలి. ‘ఓన్లీ’ అన్నది పాత ఇంగ్లీషులో ‘ఒకటి’ అనే మాటకు ‘వంటి’ అనే ప్రత్యయం చేరి పుట్టింది. అంటే దాని కడుపులో ఉన్నది ఒంటరితనం. మనకూ ‘ఒక’ నుంచి వచ్చిన ‘ఒక్క’ ఉంది. ‘ఒక మాట చెప్పాడు’ అన్నదానికీ ‘ఒక్క మాట చెప్పాడు’ అన్నదానికీ మధ్య ఉన్న తేడా అంతా ఆ ద్విత్వంలోనే ఉంది, అదే ‘ఓన్లీ’. ‘ఓన్లీ సన్’ను ‘ఏకైక కుమారుడు’ అని రాయడం తప్పు కాదు గానీ, ‘ఒక్కగానొక్క కొడుకు’ అన్నప్పుడు వచ్చే తడి దానికి రాదు. ఇక ‘మాత్ర’ అంటే కొలత. ఛందస్సులో మాత్ర కాలానికి కొలత, వైద్యంలో మాత్ర మందుకు కొలత. అందుకే ఇంతవరకే, అంతకు మించి లేదు అని హద్దు గీయవలసిన చోట ‘మాత్రమే’ చక్కగా కుదురుతుంది. ‘సభ్యులకు మాత్రమే’, ‘పైపూతకు మాత్రమే’ అన్నవి అందువల్లనే సహజంగా వినిపిస్తాయి. చెక్కు మీద మొత్తాన్ని అక్షరాల్లో రాసి, పక్కన ఇంకెవరూ ఏమీ చేర్చకుండా ‘మాత్రమే’ అని మూత పెట్టడం కూడా ఆ మాట స్వభావానికి తగిన పనే.

ప్రస్తావన వచ్చింది కాబట్టి ‘మాత్రం’, ‘మాత్రమే’ల మధ్య తేడా కూడా. మీ శీర్షికల్లో ఇవి ఒకదాని కుర్చీలో ఒకటి కూర్చోవడం చూశాను. ‘ప్రధాన నిందితుడు మాత్రం దొరకలేదు’ అంటే అందరి సంగతి ఒకటి, అతని సంగతి వేరు అని విడదీసి చెప్పడం. మిగతావాళ్లు దొరికారో, కొందరే దొరికారో ఆ వాక్యం చెప్పదు. ‘ప్రధాన నిందితుడు మాత్రమే దొరకలేదు’ అంటే అతను తప్ప తక్కినవాళ్లందరూ దొరికారు. ఒక్క ఏకారం తేడాతో వార్త మారిపోయింది.

ఇప్పుడు నేను మొదట ఎత్తిన కాలం సంగతికి వస్తాను, ఎందుకంటే ఎక్కువ పొరపాట్లు అక్కడే జరుగుతున్నాయి. ‘ఓన్లీ’ కాలాన్ని చెప్పే మాట పక్కన చేరినప్పుడు దాని పని హద్దు గీయడం కాదు, అనుకున్నదానికన్నా ఆలస్యమని గానీ ఇటీవలిదని గానీ సూచించడం. ‘హి కేమ్ ఓన్లీ ఎస్టర్‌డే’ అన్నవాడు, వచ్చి ఎంతో కాలం కాలేదని చెబుతున్నాడు. దాన్ని ‘నిన్న మాత్రమే వచ్చాడు’ అని తెలుగు చేస్తే, మొన్న రాలేదు, ఈరోజూ రాలేదు, నిన్న ఒక్కరోజు హాజరయ్యాడు అని అర్థం వస్తుంది. ‘నిన్ననే వచ్చాడు’ అనడం మేలు. కానీ ఇక్కడ తెలుగు వైపు నుంచి కూడా ఒక మెలిక ఉందని ఒప్పుకోవాలి. ‘నిన్ననే వచ్చాడు’ అన్న వాక్యానికి, ఈరోజు వస్తాడనుకుంటే ముందుగానే నిన్న వచ్చేశాడన్న అర్థం కూడా ఉంది. అప్పుడు అది ఇంగ్లీషులో ‘ఓన్లీ’ కాదు, ‘ఆల్రెడీ’. ఇంగ్లీషు రెండు మాటలతో విడదీసి చెప్పేదాన్ని మన ఏకారం ఒక్కటే మోస్తోంది. సంభాషణలో సందర్భం చెబుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. వార్తలో సందేహం వచ్చేలా ఉంటే ‘వచ్చి ఒక్కరోజే అయింది’ అనో, ‘మొన్న మొన్ననే వచ్చింది’ అనో, ‘అమల్లోకి వచ్చి నెల కూడా కాలేదు’ అనో వాక్యాన్నే తిప్పి రాసుకోవాలి. మాటకు మాట పెట్టడం కన్నా ఇది నిమిషం ఎక్కువ పట్టే పని, అంతే.

‘ఓన్లీ దెన్’, ‘ఓన్లీ ఆఫ్టర్’ అని వాక్యం మొదలైనప్పుడు ఇంగ్లీషులో ఒక వింత జరుగుతుంది. ‘నెవర్’ వంటి నిషేధార్థక పదం ముందు వస్తే ఎలాగైతే కర్త, సహాయక క్రియ చోట్లు మార్చుకుంటాయో, ఇక్కడా అలాగే ‘ఓన్లీ దెన్ డిడ్ హి స్పీక్’ అని మార్చుకుంటాయి. పైకి ఎక్కడా ‘కాదు’, ‘లేదు’ అన్న మాటలు కనిపించకపోయినా, అంతకు ముందు మాట్లాడలేదన్న నిషేధం ‘ఓన్లీ’ లోపల దాగి ఉండటమే దీనికి కారణం. ఇంగ్లీషు లోపల దాచుకున్న ఆ నిషేధాన్ని తెలుగు బాహాటంగా పలుకుతుంది. ‘గట్టిగా నిలదీస్తే గాని నోరు విప్పలేదు’, ‘పది దాటితే గాని ఇల్లు చేరలేదు’, ‘నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు’ అన్నవన్నీ ఇంగ్లీషులో చెప్పవలసి వస్తే ‘ఓన్లీ’ వాక్యాలే. అక్షరం ముక్క రాని ముసలమ్మ నోట కూడా ఈ ‘గాని… లేదు’, ‘తప్ప… లేదు’ అన్న జంటలు అలవోకగా దొర్లుతాయి. చదువుకున్న మనం మాత్రం ‘గట్టిగా నిలదీసిన తర్వాత మాత్రమే అతను మాట్లాడాడు’ అని రాసి ఊరుకుంటున్నాం. అర్థం తప్పు కాదు, వాక్యంలో ప్రాణం లేదు. అధికారుల ప్రకటనల్లో ‘నివేదిక అందిన తర్వాత మాత్రమే చర్యలు ఉంటాయి’ అన్నది కూడా ఇటువంటిదే. ‘నివేదిక అందాకే చర్యలు’ అంటే వరస చెప్పినట్టు. ‘నివేదిక అందితే గాని చర్యలు తీసుకోలేం’ అంటే అశక్తత చెప్పినట్టు. అధికారి అన్నది ఈ రెంటిలో ఏదో విలేకరి తేల్చుకుని రాయాలి. ‘మాత్రమే’ పెడితే తేల్చుకోవలసిన బాధ్యత తప్పిపోతుంది, బహుశా ఆ మాటకు ఇంత ఆదరణ దొరకడానికి కారణం అదే.

తరగతిలో నన్ను పిల్లలు ఎక్కువగా అడిగిన ప్రశ్న ‘ఓన్లీ ఇఫ్’కూ ‘ఇఫ్ ఓన్లీ’కీ తేడా ఏమిటని. నేను తెలుగులోనే జవాబు చెప్పేవాణ్ని. మొదటిది ‘ఉంటేనే’, రెండోది ‘ఉంటేనా’. ‘నేను అక్కడ ఉంటేనే ఆ పని అవుతుంది’ అన్నది షరతు. ‘నేను అక్కడ ఉంటేనా!’ అన్నది నెరవేరని కోరిక, దానికి కొనసాగింపుగా ‘ఎంత బాగుండేది’ అన్న నిట్టూర్పు. ఏకారం ఆకారమయ్యేసరికి షరతు కాస్తా చింత అయిపోయింది. షరతులో కూడా జాగ్రత్త అవసరం. ‘పరీక్షలో నెగ్గితే ఉద్యోగం ఇస్తాం’ అన్నవాడు మాట ఇచ్చినట్టు. ‘పరీక్షలో నెగ్గితేనే ఉద్యోగం ఇస్తాం’ అన్నవాడు నెగ్గినవారందరికీ ఇస్తానని ఎక్కడా అనలేదు. గణితంలో ఈ రెండూ కలిపి ‘ఇఫ్ అండ్ ఓన్లీ ఇఫ్’ అంటారు. తెలుగులో ‘అయితే, అయితేనే’ అంటే చాలు. నియామకాల వార్తల్లో ఈ ఏకారం పడిపోయినా, అనవసరంగా వచ్చి చేరినా పాఠకులు లేనిపోని ఆశలకో నిరాశలకో లోనవుతారు.

ఇక మిగిలిన వాడుకల్లో చాలావాటికి ‘మాత్రమే’తో సంబంధమే లేదు. ‘ఓన్లీ టూ గ్లాడ్’ అంటే పరమ సంతోషం, సంతోషం మాత్రమే కాదు. ‘యూ ఓన్లీ హావ్ టు ఆస్క్’ అంటే ‘అడిగితే చాలు’. ‘ఓన్లీ జస్ట్’ అంటే సందర్భాన్ని బట్టి ‘ఇప్పుడే’ లేదా ‘అతి కష్టం మీద’. రెండు వాక్యాల మధ్య వచ్చే ‘ఓన్లీ’ మన ‘కాకపోతే’. అన్నిటికన్నా నవ్వు తెప్పించేది ‘ఓన్లీ టు ఫైండ్’. ‘అతను ఇంటికి తిరిగి వచ్చింది తలుపు పగలగొట్టి ఉండటాన్ని చూడటానికి మాత్రమే’ అని ఒక అనువాదంలో చదివాను. పాపం, ఆ మనిషి దొంగతనం చూడటానికే పనిగట్టుకుని వచ్చాడా? ‘ఇంటికి వచ్చి చూస్తే తలుపు పగలగొట్టి ఉంది’ అనాలి. నిరాశ ఇంకాస్త వినిపించాలంటే ‘తీరా ఇంటికి వచ్చి చూస్తే’ అనాలి. ‘తీరా’ అన్న రెండక్షరాల్లో ఉన్నంత ‘ఓన్లీ టు’ ఇంగ్లీషులో కూడా లేదనిపిస్తుంది నాకు.

ఎదురు దిశలో మనం చేసే పొరపాటును కూడా చెప్పకపోతే పక్షపాతం అవుతుంది. మన ఏకారానికి రెండు పనులున్నాయి: ఒకటి హద్దు గీయడం, రెండోది సరిగ్గా అదే అని నొక్కి చెప్పడం. ‘ఇక్కడే ఉన్నాను’ అన్నప్పుడు వేరెక్కడా లేనని కాదు మన ఉద్దేశం, ఎక్కడికీ పోలేదు అని. ‘ఆయనే వచ్చాడు’ అంటే స్వయంగా వచ్చాడని. ఈ రెండో పనిని కూడా ‘ఓన్లీ’ చేత చేయించి ‘ఐ యామ్ హియర్ ఓన్లీ’, ‘హి ఓన్లీ కేమ్’ అంటాం. మనలాంటి అవధారణ పదమే ఉన్న హిందీ వాళ్లూ అంటారు. భాషాశాస్త్రజ్ఞులు దీన్ని భారతీయ ఇంగ్లీషు లక్షణాల్లో ఒకటిగా గుర్తించారు కాబట్టి నేను దీన్ని ఎగతాళి చేయను. మన వ్యాకరణం వేరొక భాషలోకి వెళ్లి కాపురం పెట్టిందని ముచ్చటపడతాను. కానీ బయటి దేశం వాడు ‘హి ఓన్లీ కేమ్’ అన్నదాన్ని వింటే, రావడం వరకే వచ్చాడు, చేసిందేమీ లేదు అనుకునే ప్రమాదం ఉంది. అందుకే పిల్లలకు ‘ఆయనే’ అన్నచోట ‘హిమ్‌సెల్ఫ్’ అని, ‘ఇక్కడే’ అన్నచోట ‘రైట్ హియర్’ అని చెప్పి, రాతలో వీటినే వాడమనేవాణ్ని.

మీ అనువాద విభాగంలో కొత్తగా చేరేవారికి ఇచ్చే సూచనల కాగితం ఏదైనా ఉంటే, అందులో ‘ఓన్లీ’ అన్న మాటకు ఎదురుగా ‘మాత్రమే’ అని ఒక్కటే కాకుండా ఏకారాన్ని, ‘తప్ప’ను, ‘గాని’ని, ‘చాలు’ను, ‘ఒక్క’ను, ‘తీరా’ను కూడా చేర్చమని నా మనవి. అందులో ఏది ఎక్కడ వాడాలో వారికి ఎవరూ నేర్పనక్కర్లేదు, ఇంట్లో మాట్లాడేటప్పుడు వారు వాడుతున్నవే అవన్నీ. ఆ ఆసుపత్రి బోర్డు గురించి అక్కడి ఉద్యోగికి ఆరోజే చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, పై వారంలో మార్పిస్తామన్నారు. నెల తర్వాత వెళ్లి చూస్తే నిజంగానే మార్చారు: ‘డాక్టరు గారు కేవలం ఆదివారాల్లో మాత్రమే పిల్లలను చూస్తారు’.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుడు